పుల్లన్న చావుకు ఈలలు

తిమ్మక్క వీధిలోకి వచ్చిందంటే ఆదెన్న ఎక్కడున్నవాడు అక్కడే ఆగి, దారి దిగి, వీపు తిప్పి నిలబడాలి. ఆమె దాటిపోయి కాళ్ళ చప్పుడు వినపడకుండా పోయేదాకా అలాగే ఉండాలి. గోడ ఉంటే గోడకేసి, గోడ లేకపోతే ముళ్ళకంపకేసి, ఏదీ లేకపోతే ఉత్త ఎండకేసి. తిమ్మక్క కొడుకు వీరేష్ చంకలో బిడ్డగా ఉన్నప్పటి నుంచీ ఇది నడుస్తోంది. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి, లోడు ఆటో తోలుతున్నాడు. పక్షవాతం వచ్చి ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచే వయసులో కూడా ఆదెన్న ఆ మాట తప్పలేదు. కొత్తవాళ్ళు చూస్తే ముసలాయనకు మతి చెడిందనుకుంటారు. ఊళ్ళోవాళ్ళకు తెలుసు. తిమ్మక్క మొగుడు పుల్లన్నను చంపిన నలుగురిలో ఆదెన్న ఒకడు.

ఆ పల్లె పెన్నకు అవతల, పామిడికి ఆటోలో పోయి వచ్చేంత దూరంలో ఉంటుంది. పెన్న అన్నామని నీళ్ళనుకునేరు, అంతా ఇసుకే. ఆ రోజుల్లో ఊరికి ఇద్దరు పెద్దమనుషులు ఉండేవాళ్ళు. పడనిది వాళ్ళిద్దరికి, చచ్చేది వాళ్ళ వెనక తిరిగేవాళ్ళు. పుల్లన్నకు నాలుగెకరాల ఎర్రచేను, ఒక జత ఎద్దులు. వానొస్తే చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసేవాడు, రాకపోతే మొబ్బులకేసి చూస్తూ కూర్చునేవాడు. ఎవరినీ పల్లెత్తు మాట అన్న మనిషి కాదు. ఒక ఎన్నికలప్పుడు ఒకవైపు వాళ్ళ జీపెక్కి తిరిగాడు. ఆయన చేసిన ఘనకార్యం అదొక్కటే. ఆ తర్వాత అవతలి పక్క మనిషి ఒకడు హత్యకు గురైతే, బదులుకు ఎవడో ఒకడు కావాలి కదా, తెల్లారి చెంబు పట్టుకుని ఒంటరిగా ఊరి పక్కన ఇసుక వంకలోకి పోయే పుల్లన్న దొరికాడు. ఇప్పుడు ఆ పెద్దమనుషులిద్దరూ వియ్యంకులు. ఒకే కారులో తిరుగుతారు, ఒకే పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని లడ్లు తింటారు. వాళ్ళ పేర్లు చెప్పి నోరు మురికి చేసుకోవడం దేనికి?

ఆ చావును తిమ్మక్క కళ్ళారా చూసింది. వంక గట్టున తుమ్మచెట్ల చాటున పొయ్యిలోకి కంప కొట్టుకుంటూ ఉంది. ఆమె ఒక్కతే సాక్షి. కోర్టులో చెబితే నలుగురూ లోపలికి పోతారు. కానీ వాళ్ళ అన్నదమ్ములు బయటే ఉంటారు, తన చంకలో బిడ్డ ఉన్నాడు. ఆమె చూసుకున్నది ఆ బిడ్డ ప్రాణం ఒక్కటే. ఆంజనేయస్వామి గుడి ముందు రాజీకి కూర్చున్నారు. భూమి కావాలా, ఎద్దులు కావాలా అని పెద్దలు అడిగారు. ఆమె అవేవీ అడగలేదు.

"నా కొడుకు జోలికి ఎవురూ రాకూడదు. ఇంగ నన్ను ముండమోపిని చేసినోళ్ళ మొగం నా కంటికి కనపడకూడదు. నేను దావన వస్తే తిరిగి నిలబడల్ల" అంది.

మిగతా ముగ్గురూ ఊరు విడిచిపోయారు. ఆదెన్నకు పోవడానికి ఇంకో చోటు లేదు. సరేనని గుడి ముందు నీళ్ళు ముట్టి ప్రమాణం చేశాడు. ఆ తర్వాత తిమ్మక్క గుత్తి కోర్టులో బోనెక్కి, "నేనేమీ చూడలేదు సామీ" అంది. కేసు కొట్టేశారు. పుల్లన్న చావుకు ఆ ఇల్లాలికి దక్కిన న్యాయమల్లా ఒక వీపు.

అయినా ఆమె దాంతోనే బతికింది. పామిడి బట్టల అంగళ్ళ వాళ్ళు కత్తిరించిన గుడ్డ మూటలు కట్టి ఇస్తారు. ఇంట్లో మిషను మీద లోపలి లంగాలు, నైటీలు కుట్టి పంపేది. పగలంతా మిషను చప్పుడు, సాయంత్రం సంగటి కెలికే చప్పుడు, ఆ ఇంట్లో ఇంకో శబ్దం ఉండేది కాదు. వీరేష్ పెరుగుతూ ఉంటే, "నాయన ఎట్ల చచ్చిపాయెమ్మా?" అని అడిగేవాడు. "చంపినారు" అనేది. "ఎట్ల?" అంటే, "అన్నం తిను" అనేది. వాడు బడికి పోయినప్పుడు ఒకరొక రకంగా, ఇంకొకరు ఇంకొక రకంగా చెప్పారు. వాడు ఆ ముక్కలన్నీ ఏరుకుని తనకొక నాయనను తయారు చేసుకున్నాడు. ఆ సంగతి తిమ్మక్కకు తెలుసు, పోనీలే అనుకుంది.

అలా ఉండగా ఒక ఎండాకాలం డైరెక్టరు సారు వచ్చాడు.

పెద్ద డైరెక్టరే. ఆయన తీసిన సినిమాల్లో మనిషిని నరికితే ఆ నెత్తురు ఎగిరి, ఆకాశంలో ఆగి, నిదానంగా కిందికి రాలుతుంది. వెనకనుంచి డప్పులు, తంబుర, ఎవరో బొంగురు గొంతుతో రాగం. చూసేవాళ్ళకు వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఆయన పుట్టింది కదిరి పక్కనే. కారు ఊరి బయటే ఆపి నడుచుకుంటూ వచ్చాడు. చాప వేస్తే చాప మీద కూర్చున్నాడు. పెట్టిన సంగటి, చెనిగ్గింజల చట్నీ వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు. వెంట వచ్చిన సుష్మ అనే పిల్ల సెల్లు ముందు పెట్టి రికార్డు చేస్తూ ఉంది.

"అక్కా, ఇంతవరకూ మన సీమ మింద అందురూ అబద్దాలే తీసినారు. నేనూ తీసినా. ఈ ఒక్కసారి నిజం తీస్తా. నువ్వు చూసింది చూసినట్ల చెప్పు" అన్నాడు.

ఏ జన్మలోనో పోగుపడిన దుఃఖం, ఆయన అలా అడిగేసరికి కట్ట తెగింది. కొడుకు పామిడికి లోడు తీసుకుపోయిన సమయం చూసి, తిమ్మక్క మొట్టమొదటిసారి నోరు విప్పింది. పుల్లన్న వాళ్ళను చూడగానే చెంబు పారేసి పరిగెత్తాడు. లుంగీ జారి కాళ్ళకు చుట్టుకుని బోర్లా పడ్డాడు. "అన్నా, నా కొడుకు చిన్నోడన్నా" అని చేతులు మొక్కాడు. మొదటి దెబ్బకే చావలేదు. వాళ్ళకూ ఆ పని చేతకాలేదు, దెబ్బలు ఎక్కడెక్కడో పడ్డాయి. వాళ్ళు పారిపోయాక కూడా మనిషి ఉన్నాడు. మడమలతో ఇసుకను గీరుతూనే ఉన్నాడు. "అమ్మా, అమ్మా" అన్నాడు. పెళ్ళాం తల ఒళ్ళో పెట్టుకుని ఉంటే ఆమెను గుర్తుపట్టలేదు. పొద్దు పైకెక్కేదాకా పట్టింది.

చెబుతున్నంతసేపూ డైరెక్టరు తల ఎత్తలేదు. సుష్మ కళ్ళు తుడుచుకుంది. "ఇది ఇట్లనే తీస్తానక్కా" అని ఆయన తిమ్మక్క చేతులు పట్టుకున్నాడు. ఆయన నిజంగానే ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదని తిమ్మక్క ఇప్పటికీ అంటుంది.

దసరాకు సినిమా వచ్చింది. పామిడి థియేటరు ముందు బోర్డు కట్టారు, పెన్న ఒడ్డున నిజంగా జరిగిన కథ అని. వీరేష్ తల్లికి కొత్త చీర కట్టించి, ఆటోలో ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోయాడు. గేటు దగ్గర కుర్రాళ్ళు ఆమెకు దారి ఇచ్చి, చప్పట్లు కొట్టారు.

తెర మీద పెన్న ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. "మన పెన్నలో యాడివప్పా ఇన్ని నీళ్ళు?" అని వెనక సీట్లో ఎవరో నవ్వారు. ఆ నీళ్ళలో పుల్లన్న స్నానం చేస్తున్నాడు. పుల్లన్న అంటే ఆరడుగుల హీరో, ఛాతీ తలుపంత. గట్టు మీదికి నలుగురు కాదు, యాభై మంది వచ్చారు. ఆయన నీళ్ళలోంచి లేచాడు. చెంబు విసిరితే ఒకడి తల పగిలింది. వేటకొడవలి లాక్కున్నాడు. డప్పులు మొదలయ్యాయి. నెత్తురు లేచి ఆకాశంలో ఆగింది. ఎర్రమట్టి లేచి ఆగింది. ఒళ్ళంతా కత్తులు దిగినా పడిపోలేదు, నిలబడే మీసం మెలేసి, నిలబడే ప్రాణం వదిలాడు. అప్పుడు పెళ్ళాం వచ్చింది. కంట్లో చుక్క నీళ్ళు లేవు. మొగుడి నెత్తురు తీసి చంటిబిడ్డ నుదుట బొట్టు పెట్టింది. "పులి కడుపున పులే పుట్టినాడని చెప్పుపోండ్రా!" అని అరిచింది.

థియేటరు టాపు లేచిపోయింది. కాగితం ముక్కలు గాల్లో ఎగిరాయి. కుర్చీల మీదికెక్కి ఈలలు. ఎవడో తెర ముందుకు పోయి సాష్టాంగపడ్డాడు. వీరేష్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని చెవులు చిల్లులు పడేటట్టు ఈల వేస్తున్నాడు, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తిమ్మక్కకూ ఒళ్ళు జలదరించింది. ఒక్క క్షణం, ఆయన అలాగే పోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. మరుక్షణం ఇసుకలో గీరుకుంటున్న మడమలు గుర్తొచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తి, సైకిల్ స్టాండు గోడ దగ్గర కక్కుకుంది. వీరేష్ వెనకే వచ్చి వీపు నిమిరాడు. "నాయన గుర్తొచ్చినాడామ్మా?" అన్నాడు. వాడి మొహం వెలిగిపోతోంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత వాడి మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడెందుకులే, నాలుగు దినాలు పోనీ అనుకుని మింగేసింది. ఎంత పని చేశావు తల్లీ!

నాలుగు దినాలకు డైరెక్టరుకు ఫోను చేసింది. సుష్మ ఎత్తి ఆయనకు ఇచ్చింది.

"ఏం నాయనా, ఇట్ల చేస్తివి?" అంది.

"మొదట నువ్వు చెప్పినట్లనే తీసినానక్కా. దేవుని మింద ఒట్టు. తీసి, ఒక హాలు నిండా జనాన్ని కూచోబెట్టి చూపించినా. పుల్లన్న లుంగీ జారి పడినాడు చూడూ, ఆడ జనం నవ్వినారు. అమ్మా అని ఏడుస్తాంటే సెల్లులు తీసి చూసుకుంటా కూచున్నారు. నాకు కడుపు మండిపాయె. నీ మొగుని చావు చూసి నవ్వేకన్నా, ఈల కొట్టేది మేలు కాదాక్కా? ఆయప్పకు నేను గౌరవమే తెచ్చినా."

"ఆయన చావు ఆయనది. దాన్ని మార్చేకి నువ్వెవురు?"

"నేను చరిత్ర రాయలేదక్కా, సినిమా తీసినా. జనం ఊపిరి ఎట్ల ఆడితే నేనట్ల తీయల్ల. లేకుంటే ఖాళీ కుర్చీలకు చూపించుకోవల్ల."

"సినిమానే అయితే నిజంగా జరిగిన కత అని బోర్డు ఎందుకు కట్టిస్తివి?"

ఆయన మాట మార్చాడు. ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు, అనంతపురంలో సభ పెడుతున్నాం, రావాలి అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత ఊరు మారిపోయింది. నిన్నటిదాకా "లోడు ఆటో వీరేష్" అన్నవాళ్ళు "పులిబిడ్డ" అని పిలవసాగారు. వాడు నల్లచొక్కా వేసుకుని మీసం మెలేయడం మొదలుపెట్టాడు. ఆటోలో పొద్దస్తమానం ఆ సినిమా డప్పులే. వాడి పుట్టినరోజుకు స్నేహితులు ఊరి మొగదల పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద వేయడానికి పుల్లన్న ఫోటో ఒక్కటే దొరికింది, పాత రేషన్ కార్డు మీదిది, బక్క మొహం, బెదురు చూపు. ఫ్లెక్సీ షాపువాడు ఆ మొహానికి గుబురు మీసం అంటించి, ఛాతీ కింద హీరో ఒళ్ళు అతికించాడు. పక్కింటి హేమావతి వచ్చి, "తిమ్మక్కా, మీ ఆయప్ప ఎంత జోరుగా ఉండాడో చూస్తివా" అంది. తిమ్మక్క పోయి చూసింది. ఆ బొమ్మ కింద నిలబడి ఎంతసేపు చూసినా తన మొగుడు కనిపించలేదు.

అప్పుడు భయం పట్టుకుంది ఆమెకు. ఎందుకంటే ఆ సినిమాకు రెండో సగం ఉంది కదా. రెండో సగంలో ఆ బిడ్డ పెద్దవాడై, నాయనను చంపినవాళ్ళను ఒక్కొక్కరినే ఏరి నరుకుతాడు. ఇక్కడ మిగిలింది ఆదెన్న ఒక్కడే.

ఒక మధ్యాహ్నం కొడుకు అన్నానికి వచ్చినప్పుడు తలుపు మూసి, ఎదురుగా కూర్చుని అంతా చెప్పేసింది. చెంబు, లుంగీ, మొక్కిన చేతులు, ఇసుకలో మడమలు, ఏదీ దాచలేదు. వీరేష్ ముద్ద చేతిలో అట్లే పెట్టుకుని విన్నాడు.

"అబద్దం" అన్నాడు.

"నీ తోడు నాయనా, కండ్లార చూసినా."

"చూసింటివా? కోర్టులో చూడలేదంటివి గదా!"

తిమ్మక్క ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"అప్పుడు అబద్దం. నీ కోసరం చెప్పిన అబద్దం. ఇది నిజం."

"కోర్టులో దేవుని మింద ప్రమాణం చేసి అబద్దం చెప్పినదానివి, నీ మాట ఎట్ల నమ్మల్ల? నువ్వు బయపడి రాజీ పడితివి. ఇప్పుడు నేనూ బయపడల్లని నాయన పరువు తీస్తాండావు. సినిమావోళ్ళు అంత దుడ్లు పెట్టి ఊరికే తీస్తారా?" అని కంచం తోసేసి లేచిపోయాడు.

వాడి కోసం ఆడిన అబద్ధమే వాడి ముందు ఆమెను అబద్ధాలకోరును చేసింది. వాడికి కావలసిన నాయన థియేటర్లో దొరికాడు, ఇంట్లో దొరికిన నాయనను వాడు తీసుకోలేదు. ఆ పూట ఆమె మిషను తొక్కలేకపోయింది.

కొద్దిరోజులకు రీల్ వచ్చింది. తిమ్మక్క తన కొడుకు ఆటోలో సంతకు పోతుంటే, ఎదురొచ్చిన ఆదెన్న ఎప్పటిలాగే దారి దిగి, గోడకేసి తిరిగి నిలబడ్డాడు. వెనక కూర్చున్న స్నేహితుడొకడు దాన్ని సెల్లులో తీశాడు. ముసలాయన వీపు, ముందు ఆటోలో మీసం మెలేస్తున్న వీరేష్, వెనక డప్పులు. "పులిబిడ్డ వస్తే పగోడు వీపు చూపిస్తాడు" అని మీద రాశారు. జిల్లా అంతా తిరిగింది. తిమ్మక్కకు దక్కిన ఆ ఒక్క న్యాయాన్నీ తమాషా చేసి పెట్టారు దరిద్రులు.

ఆదెన్నకు గిరి అనే మనవడు ఉన్నాడు, వీరేష్ ఈడువాడే. కదిరిలో సెల్లుల అంగట్లో పని చేస్తాడు. అంగడికి వచ్చినవాళ్ళు ఆ రీల్ పెట్టి అతడికే చూపించి నవ్వారట. పని మానుకుని ఊరికొచ్చేశాడు. వీధిలో అందరికీ వినబడేటట్టు, "మా తాత ఇంగ ఎవురికీ తిరగడు. తిప్పేటోడు ఎవుడో రమ్మను, చూస్తా" అన్నాడు. తాతను ఇల్లు కదలనివ్వలేదు.

తిమ్మక్క ఆంజనేయస్వామి గుడి పెద్దల దగ్గరికి పోయింది. అప్పటి పెద్దలు ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ చెవుడు. ఇప్పటి పెద్దలు ఆ వియ్యంకులైన పెద్దమనుషుల కొడుకులు. "పిల్లోళ్ళు ఏదో సరదాకు చేస్తాండారు తిమ్మక్కా, పోనీ" అన్నారు. అందులో ఒకడి సెల్లు మోగితే అవే డప్పులు.

ఉగాదికి ముందు, ఎండ నెత్తి మీద ఉన్న వేళ, తిమ్మక్క కుట్టిన లంగాల మూట నెత్తిన పెట్టుకుని ఆటోల దగ్గరికి పోతోంది. ఎదురుగా, చాలా దినాలకు ఇల్లు కదిలిన ఆదెన్న కట్టె ఊతంతో వస్తున్నాడు. కొద్దిదూరం వెనక అరుగు మీద గిరి కూర్చుని చూస్తున్నాడు. ఆదెన్న ఆగాడు కానీ తిరగలేదు. ఇన్నేళ్ళకు తిమ్మక్క ఆ మొహం చూసింది. ఒక కన్ను వాలిపోయింది. మూతి ఒక పక్కకు లాగి, చొంగ కారుతోంది. ఈ ముఖాన్నా ఇంతకాలం చూడకూడదనుకున్నది అనిపించింది.

"తిమ్మక్కా, నేను తిరిగేటోన్నే. పిల్లోడు ఒప్పుకోలేదమ్మా. తాతా, తిరిగితే నేను ఉరేసుకుంటానన్నాడు" అన్నాడు ఆదెన్న, నత్తినత్తిగా.

"పోప్పా. ఇంగ నాకు తిరగద్దు. అయిపాయె ఆ బాకీ" అంది తిమ్మక్క. పగ పోయిందని కాదు. కొడుకు బతికితే చాలు, మొగుడి చావుకు దక్కిన ఆ వీపు కూడా తనకు వద్దనుకుంది.

ఆ మాట పూర్తవకముందే వెనకనుంచి డప్పులు వినిపించాయి. వీరేష్ ఆటో. వెనక ఇద్దరు, చేతుల్లో సెల్లులు. ఆటో వచ్చి ఆదెన్న పక్కనే ఆగింది.

"ఏమప్పా ముసలోడా, మా యమ్మ ముందర మొగం చూపిస్తాండావే? తిరుగు" అన్నాడు వీరేష్ దిగుతూ.

"వీరేషా, నేనే వద్దన్నా. నువ్వు పో!" అని తిమ్మక్క మూట పడేసి అడ్డం వచ్చింది.

"నువ్వుండు మా."

ఆదెన్న గొడవెందుకనుకున్నాడో, పాత అలవాటో, తిరగబోయాడు. పడిపోయిన కాలు తిరగడంలేదు. కట్టె ఒకచోట, కాలు ఒకచోట, ఒక్కొక్క అంగుళమే తిరుగుతున్నాడు. "స్లో మోషన్‌రోయ్!" అని ఆటోలోవాళ్ళు పగలబడి నవ్వారు. అరుగు మీదనుంచి గిరి, "తాతా, తిరగద్దు!" అని అరుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. అతడు వచ్చేలోగా పని కానివ్వాలని వీరేష్ ముసలాయన భుజం పట్టి ఒక్క తోపు తోశాడు. తిప్పుదామనే తోశాడు. అంతకు మించి వాడి మనసులో ఏమీ లేదు.

ఆదెన్న పక్కకు పడి, సిమెంటు కాలువ అంచుకు తల కొట్టుకున్నాడు. చిన్న చప్పుడే. టెంకాయ కొట్టినంత చప్పుడు కూడా రాలేదు.

"మళ్ళా లేపి ఒకసారి తోయన్నా, సరిగా పడలేదు" అన్నాడు సెల్లు పట్టుకున్నవాడు. వాడికింకా అర్థం కాలేదు. తర్వాత ముసలాయన చెవిలోంచి నెత్తురు వచ్చింది. పంచె తడిసింది. బాగున్న కాలి మడమ నేలను గీరడం మొదలుపెట్టింది, బర్రు బర్రుమని. నోటివెంట మాట కాదు, గురక లాంటిదేదో. ఆటోలోని ఇద్దరూ దూకి పారిపోయారు. డప్పులు మాత్రం మోగుతూనే ఉన్నాయి.

గిరి కొడతాడనుకున్నారు అందరూ. కొట్టలేదు. తాత తల ఒళ్ళోకి తీసుకుని, "తాతా, తాతా, నేను తిరగద్దంటిని గదా" అని చిన్నపిల్లాడిలా ఏడుస్తూ కూర్చున్నాడు. తిమ్మక్క పక్కనున్న ఇంట్లోకి పరిగెత్తి నీళ్ళు తెచ్చి నోట్లో పోసింది. నీళ్ళు పక్కనుంచి కారిపోయాయి. ఎవరో నూట ఎనిమిదికి ఫోను చేశారు. ఎవరో ఆటోలో ఆ పాట ఆపేశారు. అప్పుడు ఆ గీరుడు వీధంతా వినిపించింది. వీరేష్ కదలకుండా నిలబడి ఉన్నాడు. తోసిన చెయ్యి అట్లే గాల్లో ఉంది.

"మా, లెయ్యమను మా" అన్నాడు. "ఊరికే ముట్టినా మా. లెయ్యమను."

నూట ఎనిమిది రాకముందే ప్రాణం పోయింది, అయినా చాలాసేపు పట్టింది. సినిమాలో అంతసేపు చూపించరు.

పోలీసులు వచ్చారు. వీధినిండా జనం. ఎవరు తోశారు, ఎవరు చూశారు అని ఎస్సై అడిగాడు. కిటికీల్లోంచి, గడపల్లోంచి చూసినవాళ్ళంతా తలలు దించుకున్నారు. మాకు తెలియదు, మేము లోపల ఉన్నాం అన్నారు. గిరి ఎర్రబడిన కళ్ళతో తిమ్మక్కకేసే చూస్తున్నాడు. వీరేష్ కూడా ఆమెకేసే చూస్తున్నాడు.

"నువ్వు చూసినావామ్మా?" అన్నాడు ఎస్సై.

ఆమె చూసుకున్నది ఈసారీ కొడుకు ప్రాణమే. జైల్లో ఉంటే బతుకుతాడు, బయట ఉంటే ఇవాళ కాకపోతే రేపు గిరి చేతికి చిక్కుతాడు. అప్పుడు గిరినీ పులి అని పిలుస్తారు. ఇంకెవడో వచ్చి దాన్నీ సినిమా తీస్తాడు.

"చూసినా సామీ" అంది. "అంతా చూసినా. తోసింది నా కొడుకు. వీరేష్."

వీధి ఉలిక్కిపడింది. "కన్నతల్లివేనా నువ్వు?" అని హేమావతి నోరు నొక్కుకుంది. తిమ్మక్క జరిగింది జరిగినట్టు, ఒక్క మాట ఎక్కువ కాకుండా, ఒక్క మాట తక్కువ కాకుండా చెప్పింది. ఎస్సై రాసుకున్నాడు.

జీపు ఎక్కించేటప్పుడు వీరేష్ ఆమె దగ్గర ఆగాడు. తిడతాడనుకుంది. ఉమ్మేస్తాడేమోననుకుంది. వాడు ఆమెను చూడటంలేదు, గుడ్డ కప్పిన ఆదెన్న కాళ్ళను చూస్తున్నాడు.

"మా, నాయన గూడా ఇట్లనే చచ్చిపాయెనా?"

"ఇట్లనే నాయనా."

"ఇంతసేపా?"

"ఇంతకన్నా ఎక్కువసేపే."

కానిస్టేబులు వాడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు. వాడు చువ్వలు పట్టుకుని మళ్ళీ ఇటు తిరిగాడు.

"ఆ పొద్దు థియేటర్లో నేను ఈల కొట్టినా గదా మా" అన్నాడు.